తెల్లదనమా, శుభ్రతా? కర్నూలు, కడప సీమలలో దంతధావన చరిత్ర

తెలుగువారు పళ్ళను తోముకుంటారు, వంటపాత్రలనూ తోముతారు. రెండు పనులకూ భాషలో క్రియ ఒక్కటే. 'పలుదోముపుల్ల' అన్న పాతమాట జనుల నోట నలిగి 'పందుంపుల్ల' అయింది. అరబ్బీలో 'సివాక్' అన్న పదానికి మూలమైన ధాతువుకు రుద్దుట అని అర్థం. పుల్లకూ, దానితో చేసే పనికీ అదే పేరు. పుల్లను ప్రత్యేకించి 'మిస్వాక్' అని కూడా అంటారు. సంస్కృతంలోని 'దంతధావనం'లో ధావనమంటే కడుగుట. ఈ మాటలన్నిటిలోనూ మాలిన్యాన్ని తొలగించుట అన్న భావమే ఉన్నది గాని, పళ్ళకు తెల్లని రంగు తెచ్చుట అన్న భావం లేదు.

శుభ్రత వేరు, తెల్లదనం వేరు. ఈ భేదం మరొక చోట మరుగునపడితే అంతగా నష్టం ఉండకపోవచ్చును. కాని త్రాగే నీటిలోనే పళ్ళకు మరక వేసే గుణమున్న గ్రామాలు కలిగిన కర్నూలు, కడప వంటి మెట్టసీమలలో ఈ భేదాన్ని విస్మరించడం వలన కలిగే హాని చిన్నది కాదు. మురికి కాని దానిని మురికి అనుకొని ఇంట్లో దొరికిన ప్రతి పొడితోనూ రాపాడి, ఉన్న పంటిని అరగదీసుకొనడం ఒక హాని. ఏ తప్పూ ఎరుగని పిల్లలను అశుభ్రులుగా చూడడం అంతకు మించిన హాని. ఇస్లామీయ సంప్రదాయంలో దంతశుద్ధికి గల స్థానమేమిటో, ఈ సీమలో అది ఏయే రూపాలు ధరించిందో పరిశీలిస్తే ఈ విషయం తేటపడుతుంది.

సివాక్: ఆరాధనకు ముందు శుద్ధి

దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సమాజానికి కష్టమౌతుందన్న సంకోచమే లేకపోతే ప్రతి నమాజుకూ సివాక్ చేయవలసిందిగా ఆజ్ఞాపించి ఉండేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ ఉల్లేఖించాయి. సివాక్ నోటిని పరిశుద్ధం చేస్తుందనీ, ప్రభువుకు ప్రీతికరమైనదనీ తెలిపే హదీసును నసాయీ నమోదు చేశారు. ఆయన (స) అంతిమ ఘడియలలో హజ్రత్ ఆయిషా (ర) తన సోదరుడు అబ్దుర్రహ్మాన్ చేతిలోని పుల్లను తీసుకొని, నమిలి మెత్తచేసి అందించిన వృత్తాంతం కూడా బుఖారీలో ఉన్నది. ఈ ఉల్లేఖనాలన్నిటిలో చెప్పబడినది నోటి శుద్ధి, దుర్వాసన నివారణ, ఆరాధనకు సిద్ధమగుట. పళ్ళ రంగును గురించిన పోటీ వీటిలో కానరాదు.

అరేబియాలో సివాక్‌కు ప్రశస్తమైనది అరాక్ చెట్టు వేరు, కొమ్మ. ఉర్దూలో దీనిని పీలూ అంటారు. కర్నూలు, కడప గ్రామాలలో చేతికందేవి వేప, కానుగ, తుమ్మ. అరాక్ పుల్ల హజ్ యాత్రికుల వెంట వచ్చేది, లేదా రంజాన్ నెలలో మసీదుల ముంగిట అమ్మకానికి వచ్చేది. తక్కిన దినాలలో వేపపుల్లే మిస్వాక్. ధర్మవేత్తలు దీనికి అభ్యంతరం చెప్పలేదు. ఈ సీమ ముస్లిములలో అత్యధికులు అనుసరించే హనఫీ పద్ధతిలో ప్రామాణికుడైన డమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) వ్యాఖ్యానించిన గ్రంథం, హాని చేసే పుల్ల అవాంఛనీయమనీ, విషం గలది నిషిద్ధమనీ పేర్కొంటుంది. దానిమ్మ కొమ్మనూ, రెల్లునూ వాడవద్దంటుంది. పుల్ల దొరకనప్పుడు వేలితో రుద్దుకున్నా సరిపోతుందని హనఫీలు అంటారు. ఉపవాస సమయంలో హనఫీల దృష్టిలో ఏ వేళనైనా సివాక్ చేయవచ్చును. షాఫయీలు మధ్యాహ్నం తరువాత దానిని ఇష్టపడలేదు. ఇక్కడ పాఠకులు గమనింపవలసినది ఒకటున్నది. సాధనం ఏదైనా కావచ్చును గాని అది హాని చేయరాదు అన్నది మొదటి నియమం.

ఈ సీమలో నవాబుల పాలన సాగిన పట్టణాలలో ఉర్దూ వాడుక స్థిరపడింది. కడప సీమ 1800లో నిజాం చేతినుండి ఈస్టిండియా కంపెనీకి దత్తమైనది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీవారు 1839లో పదవీచ్యుతుని చేశారు. పాలకులు మారినా పట్టణాల ఇండ్లలో 'మిస్వాక్', 'మంజన్' అన్న మాటలు నిలిచాయి. గ్రామాలలో తెలుగే ఇంటిభాషగా గల దూదేకుల కుటుంబాలలో మాత్రం అదే పని పందుంపుల్లతో, కచ్చికతో సాగింది. మాటలు రెండైనా, వేకువ నమాజుకు ముందు నోరు శుభ్రపరచుకోవాలన్న నియమం ఒక్కటే.

నల్లని పళ్ళు అందమైన కాలం

తెల్లని పళ్ళే అందమన్నది అన్ని కాలాలలోనూ ఒప్పుకున్న మాట కాదు. దక్కను ముస్లిం స్త్రీలు పళ్ళకు 'మిస్సీ' అనే పొడి పెట్టుకొనేవారు. లోహపు ఉప్పులు, వగరు కాయల పొడి కలిపి చేసే ఈ పదార్థం పళ్ళ సందులను, చిగుళ్ళ అంచులను నల్లబరుస్తుంది. తాంబూలపు ఎర్రదనంతో కూడిన ఆ నలుపును నాడు సౌందర్యంగా భావించారు. చిగుళ్ళను గట్టిపరుస్తుందన్న నమ్మకమూ ఉండేది.

తెలుగు నేలకు సంబంధించిన ఒక గ్రంథమే ఈ ఆచారానికి సాక్ష్యం. ఏలూరు ప్రాంతీయుడైన జాఫర్ షరీఫ్, మద్రాసు సేవలో ఉన్న వైద్యుడు హెర్‌క్లాట్స్ ప్రోత్సాహంతో దక్కను ముస్లిముల ఆచారాలను వివరించే 'ఖానూనె ఇస్లాం' రచించాడు. హెర్‌క్లాట్స్ ఆంగ్లానువాదం 1832లో లండనులో వెలువడింది. పుట్టుక నుండి మరణం వరకు గల ఆచారాల మధ్య స్త్రీల అలంకరణలలో మిస్సీ కూడా అందులో చోటు చేసుకున్నది. ఇటువంటి ఆచారం ఇక్కడికే పరిమితం కాదు. జపానులో స్త్రీలూ, ప్రభువంశీయులూ ఇనుము, వగరు పదార్థాలు కలిపిన ద్రవంతో పళ్ళను నల్లబరచుకొనేవారు. 1870లో అక్కడి ప్రభుత్వం ప్రభువర్గానికి ఈ ఆచారాన్ని నిషేధించింది. ఒక తరం నల్లని పళ్ళకై శ్రమపడితే, మరొక తరం తెల్లని పళ్ళకై శ్రమపడుతున్నది. రంగు విషయంలో అభిరుచులు మారుతూనే ఉంటాయి. పంటి ఆరోగ్యపు సూత్రాలు మాత్రం మారలేదు.

హకీముల హెచ్చరిక

యునానీ వైద్యంలో పళ్ళపొడిని 'సనూన్' అంటారు. దంతరక్షణ గురించి ఇబ్నె సీనా (మరణం 1037) తన 'అల్ ఖానూన్'లో కొన్ని నియమాలు పేర్కొన్నాడు. మితిమీరిన వేడి, మితిమీరిన చల్లదనం కూడదు. గట్టి వస్తువులను పళ్ళతో కొరకరాదు. వాటితోపాటు, సివాక్ మితంగా చేయాలనీ, అతిగా రాపాడితే పంటి మెరుగు, నునుపు పోయి అది దోషాలకు లోనవుతుందనీ హెచ్చరించాడు. మూడు శతాబ్దాల తరువాత ఇబ్నుల్ ఖయ్యిం (మరణం 1350) ప్రవక్త (స) జీవనవిధానాన్ని వివరించే 'జాదుల్ మఆద్'లో సివాక్ ప్రయోజనాలను ఒక్కొక్కటే చెప్పి, అదే హెచ్చరికను చేర్చాడు. సివాక్‌ను అంతగా ప్రశంసించిన విద్వాంసుడే దానిలో అతి కూడదని చెప్పడం గమనార్హం.

నేటి దంతవైద్యం ఈ మాటకు కారణాన్ని చూపుతున్నది. పంటిని కప్పి ఉంచే పింగాణి పొర మానవదేహంలో అన్నిటికన్న గట్టి పదార్థం. కాని దానిలో జీవకణాలు లేవు. ఎముక విరిగితే అతుకుతుంది, చర్మం తెగితే మానుతుంది. అరిగిపోయిన పింగాణి పొర తిరిగి పుట్టదు. దాని అడుగున ఉండే డెంటిన్ పసుపుపచ్చగా ఉంటుంది. పై పొర పలుచబడే కొద్దీ ఆ పసుపు బయటికి కనబడుతుంది. అందుచేత తెలుపు కోసం అతిగా రుద్దినవాని పళ్ళు కాలక్రమంలో మరింత పచ్చబడతాయి. చల్లని నీరు తగిలితే జివ్వుమంటాయి.

వంటింటి పొడులు, అంగటి పొడులు

రాయలసీమ ఇండ్లలో పేడపిడకల కచ్చిక, బొగ్గు, ఉప్పు, ఊకబూడిద, ఇటుకపొడి, సన్నని ఇసుక తరతరాలుగా పళ్ళపొడులుగా ఉపయోగపడ్డాయి. వీటిలో అనేకం బోకులు తోమడానికీ వాడేవే. ఇత్తడి చెంబుకు మెరుపు తెచ్చిన పొడి పంటికీ తెస్తుందని అనుకోవడం సహజమే. చెంబుకు మెరుపు రావడానికి కారణం దాని పై పొర రవంత అరిగిపోవడమే. చెంబు మందం ఎక్కువ, అరిగినా కొత్తది కొనవచ్చును. పంటి పింగాణి పొర అత్యంత మందంగా ఉన్న చోట కూడా రెండు, మూడు మిల్లీమీటర్లకు మించదు. ఊకబూడిదలోనూ ఇసుకలోనూ ప్రధాన పదార్థం సిలికా. అది రోజూ పంటిపై ఆకురాయిలా పనిచేస్తుంది.

నిమ్మరసంతో ఉప్పు కలిపి రుద్దడం మరొక గృహచిట్కా. ఆమ్లం తగిలిన పింగాణి పొర కొంతసేపు మెత్తబడుతుంది. అదే సమయంలో ఉప్పుతో రుద్దితే మరింత వేగంగా అరుగుతుంది. ఆ ఉదయం కనబడే తెలుపు నిజమే కాని, అది పంటి ఖర్చుతో కొన్న తెలుపు.

అంగటి పళ్ళపొడి ఈ సీమకు ఇరవయ్యవ శతాబ్దంలో వచ్చింది. పొరుగునున్న మైసూరు సంస్థానంలోని నంజనగూడులో 1913లో బి.వి. పండిత్ సద్వైద్యశాల స్థాపించారు. అక్కడి పళ్ళపొడి దక్షిణదేశమంతటా పేరు పొందింది. కాల్గేట్ కంపెనీ భారతదేశంలో 1937లో నెలకొన్నది. పొడి డబ్బా, ఆపైన బ్రష్షు, పేస్టు గ్రామాలకు చేరడంతో పందుంపుల్ల వెనుకబడింది. వాటితోపాటే ప్రకటనలలోని ముఖాల ద్వారా ముత్యాల వంటి పళ్ళే శుభ్రతకు గుర్తు అన్న భావమూ వ్యాపించింది. అన్ని పొడులూ నిరపాయకరమైనవి కావు. కొన్నిటిలో పొగాకు కలిసి ఉండేది. పళ్ళపొడులలోనూ, పేస్టులలోనూ పొగాకు వాడకాన్ని భారత ప్రభుత్వం 1992లో నిషేధించింది. ఇటీవల బొగ్గుపొడి కొత్త డబ్బాలలో అధిక ధరకు తిరిగి వచ్చింది. అమెరికా దంతవైద్య సంఘం పత్రికలో 2017లో వెలువడిన ఒక సమీక్ష, దాని సురక్షితత్వానికిగాని ప్రయోజనానికిగాని చాలినన్ని ఆధారాలు లేవని తేల్చింది. తాతల కాలపు కచ్చిక విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది.

మిస్వాక్‌కు మాత్రం నేటి పరిశోధన అనుకూలంగానే ఉన్నది. ఆచారమున్న ప్రాంతాలలో నమిలే పుల్లల వాడకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ప్రోత్సహించింది. ఐతే ఇక్కడ కూడా కొస మెత్తగా నమిలి, చిగుళ్ళు గాయపడకుండా, పంటి వరుసల లోపలివైపు కూడా చేరేటట్లు రుద్దడం అవసరం. ఎండి బిరుసెక్కిన పుల్లతో బలంగా రుద్దితే చిగుళ్ళు క్రిందికి జరిగి పంటి మూలం బయటపడుతుంది.

నీరు వేసిన మరక

భారతదేశంలో కాల్గేట్ కంపెనీ ఏర్పడిన 1937లోనే, 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞుల వ్యాసం వెలువడింది. నాటి నెల్లూరు జిల్లాలోని మెట్ట గ్రామాలలో జనుల పళ్ళపై మరకలు, ఎముకలు బిగుసుకొనిపోవడం కనిపించగా, దానికి కారణం త్రాగే నీటిలోని ఫ్లోరైడ్ అని వారు చూపారు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గురించిన తొలి వివరణలలో అది ఒకటి. దీనికి కొంచెం ముందు అమెరికాలోని కొలరాడోలో ఇటువంటి చరిత్రే జరిగింది. ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901 నుండి అక్కడి జనుల పళ్ళపై గోధుమరంగు మరకలను గమనిస్తూ వచ్చాడు. ముప్ఫై సంవత్సరాల తరువాత, 1931లో, చర్చిల్ అనే రసాయనవేత్త ఆ నీటిలో ఫ్లోరైడ్‌ను కనుగొన్నాడు. మరక నోటి అశుభ్రత వలన వచ్చినది కాదని అప్పుడు రూఢి అయింది.

నాటి నెల్లూరు మెట్ట గ్రామాలకు పొరుగునే ఉన్న మార్కాపురం ప్రాంతం కర్నూలు జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు చేరింది. అక్కడి ఫ్లోరైడ్ బాధ ప్రసిద్ధం. పాత కర్నూలు, కడప జిల్లాలలోని పలు గ్రామాలకూ ఈ బాధ తప్పలేదు. ఇక్కడి గ్రానైటు వంటి శిలలలో ఫ్లోరైడ్ గల ఖనిజాలున్నాయి. వానలు చాలక భూమిలోని నీరు రాళ్ళ మధ్య చాలకాలం నిలిచిపోతే ఆ ఖనిజం నీటిలోకి దిగుతుంది. 1860 దశకంలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వగా 1882లో ప్రభుత్వం కొన్న కర్నూలు–కడప కాలువ నీరు అందిన గ్రామాల పరిస్థితి వేరు. చెరువులెండి, దిగుడుబావులు పూడి, లోతైన బోరునీటిపై ఆధారపడిన గ్రామాల పరిస్థితి వేరు. ఎండలు తీవ్రమైన సీమ కావడంతో మనిషి త్రాగే నీరు కూడా ఎక్కువే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండడం మేలనీ, వేరే నీరు లేనప్పుడు కూడా ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదనీ భారతీయ ప్రమాణాలు నిర్ణయించాయి.

ఈ మరక పడే విధానం తెలిస్తే దానిని తోమి పోగొట్టడం ఎందుకు సాధ్యం కాదో అర్థమౌతుంది. శాశ్వత దంతాలు చిగురులో తయారవుతున్న వయస్సులో, అంటే సుమారు ఎనిమిదేండ్లలోపు, బిడ్డ అధిక ఫ్లోరైడ్ గల నీరు త్రాగితే పింగాణి పొర సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేనాటికే దానిలో సుద్దవంటి తెల్లని చారలు, గుంటలు ఉంటాయి. అవి క్రమేణ గోధుమరంగుకు మారుతాయి. మరక పంటి పైన లేదు, పంటి నిర్మాణంలోనే ఉన్నది. అప్పటికే బలహీనమైన ఆ పొరను ఇటుకపొడితో రుద్దితే మరక పోదు. పొర మాత్రం ఊడిపోతుంది.

ఐనా లోకం ఈ పళ్ళను చూచి పళ్ళు తోముకోనివారని అనుకుంటుంది. పెండ్లిచూపులలో నవ్వడానికి వెనుకాడే ఆడపిల్లలు, బడిలో చేయి అడ్డంపెట్టుకొని మాట్లాడే పిల్లలు ఇటువంటి గ్రామాలకు కొత్త కాదు. సివాక్‌ను నియమంగా పాటించే ఇంటిలో పుట్టిన బిడ్డకు కూడా ఈ మరక తప్పదు. శుద్ధిని రంగుతో కొలిచే చూపు ఎంత అన్యాయమైనదో దీనినిబట్టి తెలుస్తున్నది.

దిద్దుకొనుట, మార్చుకొనుట

అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకొని దేవుని సృష్టిని మార్చే స్త్రీలను గర్హించే హదీసును హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె మస్ఊద్ (ర) ఉల్లేఖించారు. దీనిని చూచి మరకపడిన పళ్ళకు చికిత్స చేయించుకొనడం కూడా దోషమేమోనని శంకించేవారున్నారు. ఇమాం నవవీ (మరణం 1277) 'సహీహ్ ముస్లిం'పై తన వ్యాఖ్యలో ఈ శంకను ఏడు వందల ఏండ్ల క్రితమే తీర్చాడు. ఆ గర్హింపు కేవలం అందం కోసం చేసేవారికేననీ, చికిత్స కోసమో, పంటిలోని లోపం వలననో అవసరమైతే తప్పు లేదనీ ఆయన వివరించాడు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (ర) వెండి ముక్కు పెట్టించుకోగా అది దుర్వాసన కొట్టింది; అప్పుడు దైవప్రవక్త (స) బంగారపు ముక్కు పెట్టించుకోమన్నారని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలు తెలుపుతున్నాయి. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, అవసరం ఆ అనుమతినిచ్చింది. పళ్ళను బంగారంతో బిగించుకొనే విషయంలో ధర్మవేత్తలు ఈ హదీసునే ఆధారం చేసుకున్నారు. కాబట్టి నీరు వేసిన మరకను వైద్యుని చేత దిద్దించుకొనడం, లోపాన్ని సరిచేసుకొనడమే అవుతుంది.

ఆ దిద్దుబాటుకు నేడు మార్గాలున్నాయి. నోటికి సరిపోయే అచ్చులో పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ ఉంచి ఇంటివద్దనే రాత్రివేళ పెట్టుకొనే పద్ధతిని అమెరికాలో హేవుడ్, హైమన్ అనే దంతవైద్యులు 1989లో ప్రకటించారు. ఐతే అచ్చు తయారుచేయడం, మోతాదు నిర్ణయించడం, మరక ఏ జాతిదో గుర్తించడం వైద్యుని పని. ఫ్లోరైడ్ మరక లోతైనదైతే పై పొరను స్వల్పంగా సవరించడమో, పంటిరంగు పూత వేయడమో చేస్తారు. తాంబూలం, టీ, పొగాకు వలన పైన పట్టిన మరకలకు, గారకు దంతవైద్యుడు చేసే శుభ్రత సాధారణంగా చాలును. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది. పేదలు అక్కడికి వెళ్ళవచ్చును.

ఫ్లోరైడ్ ఉన్న గ్రామంలో చంటిబిడ్డలకు వేరే నీరు సమకూర్చడం వీటన్నిటికన్న ముందు చేయవలసిన పని. గ్రామపు బోరునీటిని పరీక్ష చేయించడం, వాననీటిని నిలువచేయడం, నదినీటి పథకం కుళాయి ఉంటే త్రాగడానికి, వంటకు దానినే వాడడం సాధ్యమైన పనులు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూరు పరిశోధనశాల 1970 దశకంలో రూపొందించింది. తెలుగు జిల్లా అయిన నల్లగొండ పేరే దానికి స్థిరపడింది. పేస్టులోని కొద్దిపాటి ఫ్లోరైడ్ పుచ్చును ఆపే మేలు చేస్తుంది గనుక దానిని మానవలసిన పని లేదు. చిన్నపిల్లలకు మాత్రం బఠాణీగింజకు మించకుండా పెట్టి, మ్రింగకుండా చూడాలి.

వుజూకు నీరు ముంచుకొనే చేతికి ఆ నీటిలో ఏముందో తెలుసుకొనే బాధ్యత కూడా ఉన్నది. ఒక గ్రామంలోని పిల్లలందరి పళ్ళపై ఒకే తీరు మరక కనబడితే, అక్కడ పరీక్షించవలసినది వారి పందుంపుల్లను కాదు, వారి బావిని.